రివిజన్ బి: మేనకోడలికి ఒక ఉత్తరం

విద్యారణ్యపుర, బెంగళూరు
ఆదివారం తెల్లవారుజాము

చిన్నీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, నీకు ఇక్కడ రక్షణ రంగం కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. చెప్పి ఏడ్చింది. అది సంతోషమో భయమో తనకే తెలిసినట్టు లేదు. "నువ్వున్న ఊరే, నువ్వు చేసిన పనే. పంపమంటావా వద్దంటావా, నువ్వే చెప్పరా" అంది. పంపమన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. రెండున్నరకి లేచి కాఫీ పెట్టుకుంటుంటే మీ అత్త చూసి, "అంత సొద ఉంటే పిల్లకే రాసెయ్యరాదూ" అని మళ్ళీ వెళ్ళి పడుకుంది. అదీ సంగతి.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, కానీ వాళ్ళ దగ్గర వదిలిపెట్టకు. బాండ్ ఎన్నేళ్ళో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో సంతకానికి ముందే చదువు. మానేశాక ఫలానా కంపెనీల్లో చేరకూడదని రాసుంటే బెంబేలు పడకు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 27వ సెక్షన్ ముందు అలాంటి షరతు నిలవదు. రహస్యాలు బయటపెట్టనని రాసిచ్చింది మాత్రం ఉద్యోగం వదిలినా నిన్ను వదలదు. ఫోన్ గేటు దగ్గర పెట్టమంటే మారుమాట్లాడకుండా పెట్టు. పని బల్ల ముందు ఫొటో దిగి లింక్డ్‌ఇన్‌లో పెట్టావంటే నేనే వచ్చి చెవి మెలేస్తాను. 1923లో తెల్లవాళ్ళు చేసిన అధికార రహస్యాల చట్టం ఈ రోజుకీ అమల్లోనే ఉంది.

అప్లైడ్ రీసెర్చ్ అనగానే మీ క్యాంపస్‌లాగా ఉంటుందనుకోకు. వీళ్ళ లెక్కలో ఒక టెక్నాలజీ ఎంత పండిందో చెప్పడానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మెట్లుంటాయి, టీఆర్ఎల్ అంటారు. అమెరికా వాళ్ళ నాసాలో పుట్టిన కొలత అది. ఒకటి, రెండు మెట్ల మీద ప్రొఫెసర్లు ఉంటారు. ఎనిమిది, తొమ్మిది మెట్ల మీద ఫ్యాక్టరీ, సైన్యం. నీలాంటి వాళ్ళను తీసుకునేది మధ్యలో ఉన్న మూడు నుంచి ఆరు కోసం. అంటే ఏసీ గదిలో బల్ల మీద చక్కగా పని చేసిన డబ్బాని ఎండలో, చలిలో, దుమ్ములో, లారీ కుదుపుల్లో కూడా పని చేసేలా మార్చడం. అందులో కొత్త సిద్ధాంతం ఏమీ ఉండదు. గ్రీజు ఏది వాడాలి, స్క్రూ ఎంత బిగించాలి, ఈ ముద్ర ఎవరు వెయ్యాలి, ఇదే గొడవ. జేఎస్ఎస్ 55555 అని ఒక పుస్తకం నీ చేతికిస్తారు. మిలిటరీ ఎలక్ట్రానిక్స్‌కి ఏ పరీక్షలు ఎలా చెయ్యాలో అందులో ఉంటుంది. మొదటి నెలలో దాన్ని నవలలాగా చదివెయ్యి. ఎవరూ చదవరు, అవసరమైన పేజీ జిరాక్స్ తీసుకుంటారు.

మా రోజుల్లో ప్రైవేటు కంపెనీలకు ఈ రంగంలో వాకిట్లోనే పీట. మొత్తం సిస్టమ్ చేసే హక్కు 2001లో గానీ రాలేదు. అప్పటిదాకా ప్రభుత్వ సంస్థలకు ముక్కలు చేసి ఇవ్వడమే. కేబుల్ ఒకరు, డబ్బా ఒకరు, లోపలి కార్డు ఒకరు. నేను అలాంటి ఒక చిన్న కంపెనీలో, పేరెందుకులే, ఇరవై మందిలో ఒకణ్ణి. నీకు చెప్పాల్సిన అసలు సంగతి అక్కడిదే. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1991. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఒక రాడార్ యాంటెన్నాకి సిగ్నల్ పంచే భాగం మా చేత చేయిస్తున్నారు. అందులో చిన్న చిన్న సెమీ రిజిడ్ కేబుళ్ళు ఉంటాయి. పైన రాగి గొట్టం, లోపల టెఫ్లాన్, నడుమ వెండి పూత తీగ. నువ్వు వాటిని చూసే ఉంటావు, కానీ చేసి ఉండవు. టెఫ్లాన్ పెంకి సరుకు. రాగి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది, ముడుచుకుంటుంది. పైగా 19 డిగ్రీల దగ్గర దాని లోపలి అమరికే మారిపోతుంది, అంటే మన బెంగళూరు సాయంత్రాల్లోనే. కాబట్టి కేబుల్ కోసి వంచాక దాన్ని వేడికీ చలికీ నాలుగైదుసార్లు తిప్పాలి. అప్పుడు టెఫ్లాన్ కొంచెం బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని బ్లేడుతో సమంగా కోసేసి, ఆ తర్వాతే కనెక్టర్ అతకాలి. ఈ పని మూడు రోజులు తింటుంది.

మాకు డెలివరీ దాటిపోయింది. కేబుల్‌కి ప్రాసెస్ షీట్, అంటే ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో చెప్పే కాగితం, రాసేది నేను. ఆ మూడు రోజుల మెట్టు కొట్టేశాను. మేనేజర్ కొట్టెయ్యమనలేదు. "ఎలాగైనా శుక్రవారానికి కావాలి" అన్నాడంతే. నా అంతట నేనే కొట్టేశాను.

చాంబర్ పరీక్ష, అంటే డబ్బాని చలి, వేడి పెట్టే పెద్ద పెట్టెలో ఉంచి చూడటం, రాత్రి షిఫ్టులో చేశాను. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడో ఛానెల్ ఫేజ్, అంటే సిగ్నల్ అల ముందువెనకల కొలత, గబుక్కున ఎగిరింది. తలుపు తీసినప్పుడు తేమ పట్టి ఉంటుందిలే అనుకున్నాను. గది వేడికి తెచ్చి, ఆరబెట్టి, మళ్ళీ చేశాను. ఈసారి ఎగరలేదు. రిజిస్టర్‌లో రెండోసారి వచ్చిన అంకెలే రాసి "పాస్" అని సంతకం పెట్టాను. మొదటిసారి సంగతి రాయలేదు. దాచాలని కాదు చిన్నీ, నిజంగా అప్పుడు అది రాయాల్సిన సంగతే అనిపించలేదు. తెల్లవారుజామున నాలుగయింది, టీ కొట్టు తెరిచి ఉంటుందా లేదా అన్నదే నా బెంగ.

ఆ చలికాలం కొండల మీద ట్రయల్స్‌లో ఏడో ఛానెల్ పోయింది. డబ్బా వెనక్కి వచ్చింది. విప్పి చూస్తే కనెక్టర్ మధ్య పిన్ వెంట్రుకవాసి లోపలికి జారి ఉంది. టెఫ్లాన్ ముడుచుకుంటూ దాన్ని కూడా లాక్కుపోయింది. మీటింగ్‌లో పది మందిమి. ఆ పిన్‌ని మైక్రోస్కోప్ కింద చూసి మేనేజర్ ఒక్క మాట అన్నాడు: వర్క్‌మన్‌షిప్. అంటే అతికిన చేతిది తప్పని.

ఆ చేతులు ఎవరివో అందరికీ తెలుసు. కోలారు వైపు ఆవిడ, మన తెలుగే. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద. మేమందరం సోల్డరింగ్ అక్క అనేవాళ్ళం. ఆవిడ అతికిన జాయింటు చూస్తే ముత్యంలా ఉండేది. నాకు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పిందే ఆవిడ. "ఊపిరి బిగబట్టకు నాయనా, చెయ్యి వణుకుతుంది" అనేది. ఆవిణ్ణి మీటింగ్‌కి పిలవలేదు. నేను ఉన్నాను. ప్రాసెస్ షీట్ నా ముందే ఉంది. నోరు తెరవలేదు.

ఆవిణ్ణి బల్ల దగ్గర్నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. నట్లు, బోల్టులు లెక్కపెట్టే పని. బల్ల మీద ఉంటే నెలకి వచ్చే అలవెన్స్ పోయింది. నాకు మనసు పీకుతూనే ఉంది. రెండు వారాలాగి, కొట్టేసిన మెట్టుని మళ్ళీ చేర్చి ప్రాసెస్ షీట్ రివిజన్ బి విడుదల చేశాను. ఎందుకు మార్చారు అన్న గడిలో "సాధారణ మెరుగుదల" అని రాశాను. ఆ తర్వాత కేబుళ్ళు ఒక్కటీ ఫెయిల్ కాలేదు.

అక్కడే అసలు దారుణం జరిగింది. అదే నెలలో బల్ల మీదకి కొత్త కుర్రాడు వచ్చాడు. ఫెయిల్యూర్లు ఆగాయి కదా, చూశారా, మనిషిని మార్చగానే సరిపోయింది అన్నారందరూ. నేను గుట్టుగా దిద్దిన దిద్దుబాటే ఆవిడ మీద సాక్ష్యమైంది. తప్పుని అలాగే వదిలేసి ఉంటే, ఆ కుర్రాడి కేబుళ్ళూ ఫెయిలయి, ఆవిడ ఏ పాపం ఎరగదని తేలేది. ముప్పై ఏళ్ళకి పైగా అయింది. ఇప్పటికీ రాత్రుళ్ళు ఈ లెక్క వేస్తూ ఉంటాను.

అందుకని చెప్తున్నా, పేజీలకి నంబర్లున్న నోటుబుక్కు మొదటి రోజే అడుగు. కంప్యూటర్‌లో ఎంత ఉన్నా సరే. వింత అంకె కనపడగానే, కారణం తెలియకపోయినా, తేదీ వేసి రాయి. రెండోసారి సరిగ్గా వస్తే మొదటిదాని పక్కన రాయి, దాని మీద కాదు. ఏదైనా మార్చినప్పుడు ఎందుకు మార్చావో అన్న గడిలో నిజం రాయి, కింద నీ పేరు రాయి. సరేనా? నీకు అరచి చెప్తున్నట్టుంది కదూ. నీ మీద కాదులే ఆ అరుపు.

ఇంకో సంగతి, విడిభాగాలు. ఏ చిప్ వాడినా "ఇది ఎవరి దేశానిది, వాళ్ళు ఆపేస్తే ఏం చేస్తాం" అని అడుగు. కొత్తపిల్లవి కదా, అడిగితే నవ్వుతారు, నవ్వనీ. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలయ్యాక అమెరికా ఆంక్షలు పెట్టింది. తేజస్ విమానం ఫ్లైట్ కంట్రోల్ కోసం అక్కడ లాక్‌హీడ్ మార్టిన్‌తో పని చేస్తున్న మనవాళ్ళు మధ్యలోనే తిరిగి రావాల్సి వచ్చింది. మిగతాది ఇక్కడే పూర్తి చేశారు. 2001 జనవరి 4న హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు నుంచి వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ దాన్ని మొదటిసారి పైకి లేపారు. మేం చేసిన ఒక్క స్క్రూ కూడా అందులో లేదు. అయినా నేను ఆఫీసులో మైసూర్‌పాక్ పంచాను. ఎందుకని మీ అత్త ఇప్పటికీ అడుగుతుంది.

పేపర్లు రాసుకోవచ్చని ఇంటర్వ్యూలో చెప్పే ఉంటారు. రాయొచ్చు, అనుమతి వచ్చేసరికి ఆ విషయం పాతబడిపోతుంది. పేటెంటుకైతే కంపెనీ పేరుతో వేసినా కనిపెట్టినవాళ్ళ గడిలో నీ పేరు ఉందో లేదో చూసుకో. బయటి దేశంలో వెయ్యాలంటే మన పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. రక్షణకి సంబంధించినదైతే అసలు ప్రచురించకుండా ఆపే అధికారమూ ప్రభుత్వానికి ఉంది. పదేళ్ళయ్యాక వేరే చోటికి వెళ్తే, "ఏం చేశావు" అంటే చూపించడానికి కాగితం ముక్క ఉండదు. నాకు అలాగే అయింది. అందుకే పీహెచ్‌డీ సంగతి మొదటి ఏడాదే కదుపు. ఐఐఎస్‌సీలో ఉద్యోగం చేస్తూ చేరే ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ ఉంది. కంపెనీ ఒప్పుకోవాలి. కొత్తలో ఒప్పుకుంటారు, నువ్వు లేకపోతే పని ఆగిపోతుందని తెలిశాక ఒప్పుకోరు.

హై వోల్టేజీ. ఇది నవ్వులాట కాదు. ట్యూబ్ ట్రాన్స్‌మిటర్లలో వోల్టేజీ వేలల్లో ఉంటుంది. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ఎర్తింగ్ కర్ర తగిలించకుండా లోపల వేలు పెట్టకు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చెయ్యమని మాకు చెప్పేవారు. చుడీదార్‌కి జేబు లేదంటావు, కుట్టించుకో. పాత పవర్ ట్రాన్సిస్టర్ల లోపల తెల్ల పింగాణీలా ఉండేది బెరీలియం ఆక్సైడ్ కావచ్చు. పగలగొట్టకు, అరగదియ్యకు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి విషం. ట్రయల్స్‌కి ఎడారికో కొండకో పంపితే ఆడవాళ్ళకి బస, బాత్రూమ్ ఏర్పాటు ఉందో లేదో బయలుదేరే ముందే అడుగు. సిగ్గుపడి ఊరుకోకు. స్కూటీ మీద రింగ్ రోడ్డు ఎక్కనని మాటివ్వు. రాడార్ కంటే నాకు ఆ రోడ్డంటేనే భయం.

మీ అమ్మ నన్ను ఇంకోటి కూడా అడిగింది. "అవి మనుషుల్ని చంపేవే కదరా" అని. నేను చేసింది కన్ను మాత్రమే, చెయ్యి కాదు అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కన్ను చూపించిన చోటికే చెయ్యి వెళ్తుంది. మన వాళ్ళని కాపాడిందనీ అనుకుంటాను, అదీ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. నీకు ఎప్పుడైనా గొంతుకి అడ్డం పడితే నాతో మాట్లాడు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఫీసు సంగతులు చెప్పకూడదన్న అలవాటు ముదిరి, ఇంట్లో సంగతులు కూడా చెప్పడం మానేశాను. మీ అత్తనడుగు, చెప్తుంది.

పైగది సున్నం వేయించాను. అద్దె సంగతి ఎత్తావంటే ఊరుకోను. జలహళ్ళి వైపు ఉద్యోగమైతే ఇక్కడి నుంచి దగ్గర, సీవీ రామన్ నగర్ వైపైతే పొద్దున్నే బయలుదేరాలి.

సోల్డరింగ్ అక్క మత్తికెరెలో కొడుకు దగ్గర ఉంటోంది. పోయిన నెల కూరగాయల దగ్గర కనపడి, "పిల్లలెలా ఉన్నారు నాయనా" అని పలకరించింది. ఇన్నేళ్ళలో ఆవిడతో ఎన్నోసార్లు మాట్లాడాను, ఆ ఒక్కటీ తప్ప. నువ్వు వచ్చాక మొదటి ఆదివారం ఇద్దరం వెళ్దాం. నువ్వు పక్కన కూర్చో, చాలు. హిందూపురం చింతపండంటే ఆవిడకి ఇష్టం. మీ అమ్మతో చెప్పి ఒక కేజీ కట్టించుకురా, కొత్తది.

మీ మామయ్య