ఒక్క ఆసుపత్రిలోనే రోటావైరస్ పాజిటివ్‌లు ఎక్కువ: ఎక్కడ చూడాలి

పిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్‌పై నిఘా కోసం హైదరాబాద్‌లో మీరు చూస్తున్న నాలుగు ఆసుపత్రుల్లో ఒక్కచోటే పాజిటివ్‌లు ఎక్కువంటే, పరీక్ష కిట్ కంటే ముందు మలం నమూనా ఎప్పుడు తీశారో చూడండి. అడ్మిటైన 48 గంటలు దాటాక తీస్తే, వార్డులో అంటుకున్నవీ లెక్కలో కలుస్తాయి.

1. ఐదేళ్లలోపు, విరేచనాలు మొదలై 7 రోజులు దాటని పిల్లలనే తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: రిజిస్టర్‌లో తేదీతో పాటు గంట కూడా రాయించాలి. సోమవారం అడ్మిషన్, బుధవారం నమూనా అని ఉంటే 48 గంటల లోపా, దాటిందా? తేదీలతో తేలదు. నమూనా దొరకని పిల్లల పేర్లూ ఉండాలి. డైపర్ పారేశారని వదిలేస్తే ఎంతమంది తప్పిపోయారో తెలియదు.

3. టీకా కార్డు చూడండి. 6, 10, 14 వారాల రోటావైరస్ టీకా చుక్కలు ఈమధ్యే వేసుంటే టీకా వైరస్‌కే ఎలీసా (మలంలో వైరస్‌ను పట్టే పరీక్ష) పాజిటివ్ రావచ్చు.

చలికాలంలో కేసులు ఎలాగూ పెరుగుతాయి, గత ఏడాది అదే నెలతో పోల్చండి.