కళ్యాణదుర్గంలో పెరట్లోకి ఎలుగుబంటి: టపాసులు పేల్చొద్దు

అన్నా, రాత్రిళ్లు పెరట్లోకి ఎలుగుబంటి వస్తోంది, టపాసులు పేల్చి తరిమేద్దామా అన్నారు కదా, ఆ పని మాత్రం చేయొద్దు. బెదిరితే మీద పడే రకం అది, పిల్లలు వీపు మీదుంటే ఇంక చెప్పక్కర్లేదు. సీతాఫలం చెట్టుందన్నారు, రాలిన పండ్లు సాయంత్రానికల్లా ఏరేయండి. గోడ వారన చెదల పుట్ట కూడా ఉందేమో చూడండి. రాయదుర్గంలో మా ఇంటి దగ్గరి పుట్టను ఎలుగుబంటి గడ్డపారతో తవ్వినట్టు పెళ్లగించి, మట్టి ఊదేసి చెదల్ని బుర్రుమని పీలుస్తుంటే కిటికీలోంచి విన్నాం, టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. దానికి వాసన బాగా తెలుస్తుంది గానీ చూపు అంతంతే, అందుకే బయటికొచ్చే ముందు లైటేసి గట్టిగా మాట్లాడండి. రోజూ వస్తుంటే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, దాన్ని గాయపరిస్తే కేసు మన మీదే.