నాన్న బెల్టు కట్టుకోనంటున్నాడు

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. నాన్నకు 56 ఏళ్లు. గెలాక్సీ గ్రానైట్ క్వారీలో పాతికేళ్ల పైనుంచి డ్రిల్లింగ్ చేస్తున్నాడు. నేను అక్కడే సూపర్‌వైజర్‌ని. బెంచి (మెట్టులా కోసిన రాతి గట్టు) అంచున పనిచేస్తూ కూడా పడిపోకుండా ఆపే సేఫ్టీ బెల్టు కట్టుకోడు, మాస్కు జేబులోనే ఉంటుంది. మొన్న గట్టిగా చెబితే, "నువ్వు పుట్టకముందు నుంచీ రాయి కొడతన్నా, నాకు చెప్తావంట్రా?" అని అందరి ముందూ అరిచాడు. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. ఏం చేయాలి?

జవాబు: అందరి ముందూ చెప్పారు కదా, అక్కడే చెడింది. కొడుకు చేత నలుగురిలో మాట పడాలంటే ఏ తండ్రికైనా కష్టమే. పైగా యాభై దాటినవాణ్ని పనిలో 'పెద్దాయన' అంటారు. ఆ పిలుపు వెనకే వాచ్‌మన్ పని, తక్కువ కూలి వస్తాయేమోనన్న భయం ఆయనకు ఉండొచ్చు. బెల్టు కట్టుకుంటే 'వయసైపోయింది, భయపడుతున్నాడు' అంటారని కూడా. కుర్రాడు కట్టుకోకపోతే ధైర్యమంటారు, పెద్దాయన కట్టుకోకపోతే అనుభవమంటారు. జారితే ఇద్దరూ పడేది ఒకే లోతుకి.

ఆయన అనుభవం ఉత్తదేం కాదు. పనిలో దెబ్బలు ఎక్కువగా తగిలేది కొత్త కుర్రాళ్లకే. కానీ పెద్ద వయసులో తగిలిన దెబ్బ త్వరగా మానదు. ఇక దుమ్ము దగ్గర ఏ అనుభవమూ అక్కరకు రాదు. రాతిపొడిలోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. అయితే మాస్కు కోసం ఆయన్ని తిట్టేముందు డ్రిల్లింగ్‌కి నీళ్లు పెడుతున్నారో లేదో చూడండి. దుమ్మును అణచాల్సింది ముందు అక్కడే, ఆ బాధ్యత మీదీ మీ యాజమాన్యానిదీ.

ఇంకోటి గమనించండి. వెనక నుంచి పిలిస్తే పలుకుతున్నారా? డ్రిల్లింగ్ మోతకు ముందు పోయేది సన్నటి శబ్దాలే. వెనక్కి వచ్చే డంపర్ లారీ బీప్ వినపడకపోయినా ఆయన పైకి చెప్పుకోరు. క్వారీ ఖర్చుతో చేయించాల్సిన వైద్యపరీక్షలు ఎలాగూ ఉన్నాయి. ఆయన్నొక్కణ్నే పంపకుండా మీరూ కుర్రాళ్లూ కలిసి వెళ్లండి, చెవి పరీక్ష కూడా అడగండి.

బెల్టు విషయంలో మాత్రం బేరం లేదు. లేకపోతే పని ఆపండి, ఇరవై రెండేళ్లవాడికైనా అదే. మీ ఈడువాళ్లను చూసీచూడనట్టు వదిలేస్తున్నారా? అలాగైతే ఆయన చూస్తూనే ఉంటారు. బెల్టు కట్టుకున్నంత మాత్రాన పని మార్చరని మేనేజర్ చేత చెప్పించండి, అది నిజమైతేనే. కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత కూడా ఆయనకు ఇప్పించండి.

ఇంట్లో మాటలు కలపమని అమ్మను మధ్యలోకి లాగకండి. మీరే వెళ్లి మాట్లాడండి. మొదటి రోజు క్వారీ సంగతి ఎత్తకండి.