పెద్ద లాన్ గడ్డి మనమే కోసుకోవాలా, మనిషిని పెట్టుకోవాలా?

"ఇంటి చుట్టూ 20 సెంట్ల లాన్ ఉంది. మిషన్ కొనుక్కుని నేనే కోసుకోవడం మేలా, మనిషిని పెట్టుకోవడం మేలా?" అని అడిగారు. నా మాట ముందే చెప్పేస్తాను. ఇంటి ముందున్న రెండు మూడు సెంట్లు మీరు కోసుకోండి. మిగతాది ఆవులున్నవాళ్ళకు అప్పగించండి. 20 సెంట్లూ మీరే మిషన్‌తో కోస్తానంటే మాత్రం ఒప్పుకోను. పదకొండు నెలలు ఆ పని చేసి చెబుతున్నాను.

మాది చంద్రగిరి దగ్గర. ఉద్యోగం తిరుపతిలో. నాన్న రిటైరయ్యాక 22 సెంట్లలో ఇల్లు కట్టుకున్నాం. ఇల్లు పోగా 16 సెంట్లు మిగిలింది, అంటే దాదాపు 7,000 చదరపు అడుగులు. నర్సరీ వాళ్ళ మాట విని ముందు భాగంలో కార్పెట్ గడ్డి పరిపించాం. వెనకంతా గరిక, తుంగ వాటంతటవే వచ్చాయి. ప్రతిసారీ మనిషికి కూలి ఎందుకు, ఒక్కసారి డబ్బు పెడితే సరిపోతుంది కదా అని 2021 జనవరిలో పెట్రోల్ బ్రష్ కట్టర్ (భుజాన తగిలించుకుని గడ్డి కోసే మిషన్) కొన్నాను.

డబ్బు లెక్కలో నేను పొరపాటు పడలేదు. పడింది పని లెక్కలో. కోయడం సగం పనే. కోసిన గడ్డిని ఊడ్చి, గుట్ట వేసి, ఎక్కడికో మోసుకెళ్ళి పోయడం మిగతా సగం. ఈ సగం గురించి మిషన్ అమ్మేవాళ్ళు చెప్పరు. లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల టూటీ (2T) ఇంజన్ ఆయిల్ కలపాలి, గడ్డిని కోసే నైలాన్ దారం తెగినప్పుడల్లా ఆపి చుట్టుకోవాలి, ఎనిమిది కిలోల బరువు భుజాన వేసుకుని గంటలకొద్దీ ఊపుతూ ఉండాలి. ఆదివారం పొద్దున ఆరింటికి దిగితే పదకొండు దాటేది. సాయంత్రం దాకా వేళ్ళు తిమ్మిరిగా ఉండేవి. ఒకసారి గులకరాయి ఎగిరి పక్కింటి వంటింటి కిటికీ అద్దం పగిలింది. మిషన్‌తో వచ్చే పుస్తకంలో 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదని రాసి ఉంటుంది. ప్లాట్ల మధ్య కట్టుకున్న ఇళ్ళలో 15 మీటర్లు ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజు ఆ కిటికీ దగ్గర పిల్లలెవరూ లేరు, అది మా అదృష్టం.

అసలు సంగతి ఆ ఏడాది డిసెంబరులో జరిగింది. 2021 నవంబరు వానలు తిరుపతి వాళ్ళెవరూ మర్చిపోరు. వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, స్వర్ణముఖి పొంగింది. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు కానీ మూడు వారాలు వెనక వైపు అడుగు పెట్టలేకపోయాను. నేల కాస్త ఆరేసరికి గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి ఉంది. డిసెంబరు మొదటి ఆదివారం బూట్లు వేసుకుని, మోత వినబడకుండా చెవులకు మఫ్స్ పెట్టుకుని మిషన్ స్టార్ట్ చేశాను.

అరగంట అయిందో లేదో, నాన్న గేటు దగ్గర నుంచి చేయి ఊపుతున్నారు. ఆయన పక్కన కొడవలీ గోనెసంచీ పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. పై వీధిలో ఉండే అక్క, రెండు జెర్సీ ఆవులున్నాయి. వానకు వాళ్ళ గడ్డివాము అడుగు నుంచీ కుళ్ళిపోయిందట, మేము కోసి పారేసే గడ్డి ఇస్తారేమోనని అడగడానికి వచ్చింది. తీసుకోమన్నాను. ఆమె గడ్డి వైపు కాకుండా గోడ పక్కనున్న వేపచెట్టు వైపు చూస్తోంది.

"నాయనా, ఆ మిషను ఆపు. గోరింకలు ఎట్టా అరస్తా ఉండాయో చూడు."

ఆపాను. మఫ్స్ తీస్తేగానీ నాకు వినబడలేదు. నాలుగైదు గోరింకలు కిందికి వంగి, ఒకే చోటును చూస్తూ గొంతు చించుకుంటున్నాయి. ఆ చోటు నేను నిలబడ్డ దగ్గర నుంచి పది అడుగులు కూడా లేదు. తర్వాత కోయబోయేది అదే.

"కాళ్ళు కదలబాక," అంది. ఒక పుల్ల తీసుకుని ఆ గడ్డి మీదికి విసిరింది. అప్పుడు వినబడింది ఆ బుస. కుక్కర్ విజిల్ రాబోయే ముందు వచ్చే చప్పుడులా, ఆగకుండా. రక్తపింజర. ఒంటి మీద గొలుసు మచ్చలు, చేతి మణికట్టంత లావు. చుట్టచుట్టుకుని ఉన్నది మెల్లగా విప్పుకుని గోడ కింద బొక్క వైపు జారింది. నాన్న కర్ర కోసం లోపలికి వెళ్ళబోతే ఆ అక్కే ఆపింది. "దాని దోవన పోతాది సామీ, పోనీండి." అది వెళ్ళాక కూడా గోరింకలు నోరు మూసేదాకా కదలనివ్వలేదు.

ఆ రోజు నుంచి నా ఆలోచన మారింది. నాగుపాము పడగ ఎత్తుతుంది, చాలావరకు తప్పుకుంటుంది. రక్తపింజర అంత త్వరగా తప్పుకోదు, ఉన్నచోటే ఉండి బుసకొట్టి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వినడానికే దేవుడు చెవులిచ్చాడు. ఇంజన్ మోత వాటిని మూసేస్తుంది. కాటు పడితే రక్తం గడ్డకట్టదు, కిడ్నీలు దెబ్బతింటాయి. విరుగుడు మందు ఉంది కానీ పెద్దాసుపత్రికి చేరేలోపు పోయే ప్రతి నిమిషమూ లెక్కే. వరద తర్వాత పాములు మెరకలో ఉన్న గడ్డిలోకి చేరతాయని నాకూ తెలుసు. తెలిసి కూడా మిషన్ పట్టుకుని నేరుగా నడిచాను. ఆమె మాత్రం ముందు చెట్టు చూసింది, తర్వాత గడ్డి చూసింది.

అప్పటి నుంచి వెనక పన్నెండు సెంట్లు ఆ అక్క చేతిలోనే ఉంది. మూడు నాలుగు వారాలకొకసారి కొడవలితో కోత మొదలుపెడుతుంది. ముందు కర్రతో గడ్డిని తట్టి, కాసేపు నిలబడి, తర్వాతే వంగుతుంది. ఒకేరోజు మొత్తం కోయదు, ఆవులకు చాలినంతే రోజూ కాస్త కోసుకుని పోతుంది. కోసింది ఊడ్చే పని లేదు, ఒక్క పరక మిగలదు. గడ్డి దొరికితే చాలు, కూలి వద్దంది. నాన్న ఒప్పుకోలేదు. గడ్డి ఆవులు తింటున్నాయి, మరి ఆమె నడుం నొప్పికి ఎవరిస్తారని అడిగారు. మీరు కూడా దయచేసి ఇవ్వండి. ఊరికే కోసుకుపొమ్మనడం ఉపకారం అనుకునేవాళ్ళను చాలామందిని చూశాను, నాకు అది నచ్చదు. ఆమె డబ్బు తీసుకుంటుంది, దసరా లోపు రెండు బండ్లు పేడ ఎరువు తెచ్చి పోస్తుంది. మా మామిడి మొక్కలకు బయట ఎరువు కొని మూడేళ్ళయింది.

మనుషులను పెట్టుకుంటే అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. మధ్యలో ఆమె కూతురి కాన్పుకు పుత్తూరు వెళ్ళినప్పుడు మిషన్ తెచ్చుకునే మనిషిని పిలిచాను. ఇనుప బ్లేడు పెట్టి నేల కనబడేదాకా గొరిగి రెండు గంటల్లో వెళ్ళిపోయాడు. ముందున్న కార్పెట్ గడ్డి ఏప్రిల్ ఎండకు మాడి, అట్టలా లేచిపోయింది. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారి కోయకూడదు. పనికి పిలిచేముందు ఆ మాట నోటితో చెప్పండి, పక్కన నిలబడండి.

ఆ కార్పెట్ గడ్డి గురించి కూడా చెప్పాలి. చదరపు అడుగు లెక్కన డబ్బు పోసి కొంటాం. మా బోరు 650 అడుగులు, మే నెలలో అది బురద కక్కుతుంటే గడ్డికి ట్యాంకర్ నీళ్ళు పోశాను. అది మాడిపోయిన చోట ఇప్పుడు గరిక వచ్చింది. వినాయకుడికి పెట్టే గరికే. క్రికెట్ మైదానాల్లో పరిచేదీ ఈ జాతే. నీళ్ళు లేకపోతే ఎండినట్టు ఉంటుంది, ఒక్క వానకు పచ్చబడుతుంది. కాణిపాకం ఉన్న జిల్లాలో పుట్టి గరికను కలుపు అని పీకి, దాని చోట ఇంకేదో కొనడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ ముందు భాగాన్ని నేనే చేత్తో తోసే రీల్ మిషన్‌తో కోస్తాను. పెట్రోల్ లేదు, మోత లేదు, రాళ్ళు ఎగరవు. వానాకాలంలో వారానికి నలభై నిమిషాలు. తడి మీద మాత్రం తోయకండి, గడ్డి ముద్దకట్టి బ్లేడుకు చుట్టుకుంటుంది.

ఇంకొక్క మాట, గడ్డి మందు జోలికి పోకండి. ఎవరో ఒకరు మీకు ఆ సలహా తప్పకుండా ఇస్తారు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఆదేశించింది. అయినా ఖాళీ ప్లాట్లలో కొడుతూనే ఉన్నారు. ఆ ఆవుల అక్క ఏ గేటు దగ్గర ఆగినా మొదట అడిగేది ఒకటే, "మందు కొట్టినారా?" అవునంటే సంచి మడిచి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆ గేటు వైపు ఆ ఏడాదంతా రాదు.

ఆవులున్నవాళ్ళు ఎక్కడ దొరుకుతారని మీరు అడగొచ్చు. పొద్దున ఆరు గంటలకు మీ ఊరి పాలకేంద్రం దగ్గరికి వెళ్ళండి. క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడేవాళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు, ఎవరికి మేత కరువుగా ఉందో.