మేట కింద దాగిన బంగారం: ఈ చదువు అమ్మాయికి అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది గద్వాల దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీఎస్సీ చివరి సంవత్సరంలో జియాలజీ, కెమిస్ట్రీ చదువుతోంది. మట్టి కింద పూడిపోయిన బంగారు నిక్షేపాలను రసాయన పరీక్షలతో వెతికే పనిలోకి వెళ్తానంటోంది. ఇది నమ్ముకోదగ్గ వృత్తేనా? – ఒక తండ్రి

జవాబు: నమ్ముకోవచ్చు, అయితే బంగారం పేరు చూసి మాత్రం కాదు. రాయి శిథిలమై అక్కడే మట్టిగా మిగిలిన చోట ఆ మట్టిని పరీక్షించి జాడ పట్టడం కొంత తేలిక. ఏరో గాలో మోసుకొచ్చిన మేట ఆ రాతిని కప్పేసిన చోట, పై మట్టికీ కింది రాతికీ చుట్టరికం ఉండదు కాబట్టి, మామూలు పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. అందుకే భూగర్భజలమూ వేళ్లూ కింది నుంచి పైకి తెచ్చి మట్టిరేణువులకు పలచగా అంటించిన లోహాన్ని మాత్రమే బలహీనమైన ద్రావణాలతో విడదీసి కొలుస్తారు. బంగారాన్ని వెన్నంటి ఉండే ఆర్సెనిక్, యాంటిమొనీలనూ చూస్తారు. ఆస్ట్రేలియాలో సుమారు 30 మీటర్ల లోతున్న బంగారం యూకలిప్టస్ ఆకుల్లోకి చేరిందని అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. మేట మరీ మందంగా ఉంటే డ్రిల్లింగ్ చేసి, మేట అడుగున రాయి మొదలయ్యే చోటి నుంచి నమూనా తీయక తప్పదు.

ఇక్కడ కొలతలు వంద కోట్లలో ఒక వంతు స్థాయిలో, అంటే టన్ను మట్టిలో ఒక మిల్లీగ్రాము బంగారం దగ్గర మొదలవుతాయి. నమూనా తీసేవారి ఉంగరం జల్లెడకు రాసుకున్నా ఫలితం చెడిపోతుంది కనుక, నగలన్నీ తీసేసి పనిలోకి దిగుతారు. అంత పట్టింపు మీ అమ్మాయికి ఉందా అన్నది ఆమె ల్యాబ్ రికార్డు చూస్తే తెలుస్తుంది. మార్కుల కంటే నేను దానికే విలువ ఇస్తాను.

మీ గద్వాల శిస్ట్ బెల్ట్‌లో, అంటే పొరలుగా చీలే పాత రాళ్ల పట్టీలో, కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ జీఎస్‌ఐ బంగారం కోసం అన్వేషణ జరిపింది, పక్కనే రాయచూరు జిల్లాలో హట్టి గని నడుస్తోంది. నల్లగొండ జిల్లా లంబాపూర్‌లో శ్రీశైలం అవక్షేప శిలలకూ వాటి కింది గ్రానైట్‌కూ మధ్య యురేనియం దొరికింది. పైన కప్పేసిన పొరల కింద వెతకడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. అలాగని ఊరి పక్కనే ఉద్యోగం వస్తుందని లెక్కలు వేసుకోకండి. ఏటా కొన్ని నెలలు క్యాంపుల్లో ఉండాలి, మహిళా జియాలజిస్టులూ వెళ్తున్నారు. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

బీఎస్సీతో ఆగితే అవకాశాలు తక్కువ. ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియాలజీకి సీపీగెట్, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. తర్వాత యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జీఎస్‌ఐలో చేరవచ్చు. 2023లో గనుల చట్టాన్ని సవరించి బంగారంతో సహా 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు తెచ్చారు కాబట్టి ప్రైవేటు దారీ తెరుచుకుంటోంది, కాకపోతే ధరలు పడినప్పుడు ముందుగా కోత పడేది అన్వేషణ ఖర్చుకే. ఆమెకు ఫీల్డ్ కంటే ల్యాబ్ ఇష్టమైతే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయనివ్వండి. అదే పరీక్షలో కెమిస్ట్ పోస్టులూ ఉంటాయి. రెండింటిలో ఏదన్నది అడ్మిషన్‌కు ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే కెమిస్ట్రీ పీజీతో జియాలజిస్ట్ పోస్టుకు అర్హత రాదు.