చక్కెర మేత పెడితే పండు ఈగల్లో తేడా కనిపిస్తుందా? (పదో తరగతి ప్రాజెక్టు కోసం)

కనిపిస్తుందండీ, అదీ మైక్రోస్కోపు లేకుండానే. అరటిపండ్ల మీద ముసిరే ఈ చిన్న ఈగల్ని పెంచే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. మీ బాబు మంచి విషయం ఎంచుకున్నాడు.

ల్యాబుల్లో మామూలు మేతలో మొక్కజొన్న పిండి, ఈస్టు, మేత గడ్డకట్టడానికి అగర్, కాస్త చక్కెర ఉంటాయి. ప్రయోగం కోసం లీటరుకు 50 గ్రాములుండే చక్కెరను 340 దాకా పెంచుతారు. అందులో పుట్టిన పిల్లపురుగులు సరిగా ఎదగవు. అదే రోజు గుడ్లు పెట్టించిన, మామూలు మేత ఉన్న పక్క సీసాలో పురుగులన్నీ ప్యూపాలైపోయినా (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ) ఇవి ఇంకా మేతలోనే, చిన్నగా, పాకుతూ ఉంటాయి. తీపి తింటే లావెక్కాలి కదా అని ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవారు. ఆ లావు లోపల ఉంటుంది. మన కాలేయం పనీ కొవ్వు పనీ కలిపి చేసే కణజాలం ఒకటి వీటికి ఉంది. దానికి రంగు పట్టించి చూస్తే నిండా కొవ్వు బొట్లే.

మన రక్తంలో గ్లూకోజ్‌లా వీటి ఒంట్లో ముఖ్యంగా ట్రెహలోజ్ అనే చక్కెర తిరుగుతుంది. మెదడులోని కొన్ని కణాలు ఇన్సులిన్ లాంటి హార్మోన్లు వదులుతాయి. చక్కెర మేత తిన్నవాటిలో హార్మోన్ ఉన్నా కణాలు స్పందించవు, ఒంట్లో చక్కెర పెరిగిపోతుంది. మన టైప్ 2 షుగర్‌కి చాలా దగ్గర. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2011లో దీన్ని వివరంగా చూపించారు.

నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది 2020లో లండన్ బృందం ప్రచురించిన పని. చక్కెర మేత మీద పెద్ద ఈగలు తొందరగా చనిపోతాయి. కొవ్వు వల్లో, ఇన్సులిన్ పనిచేయకపోవడం వల్లో అని అంతా అనుకునేవాళ్లం. వాళ్లు తాగడానికి నీళ్లు విడిగా పెట్టి చూశారు. ఆయుష్షు కోలుకుంది! కొవ్వు మాత్రం తగ్గలేదు, ఇన్సులిన్ సమస్యా పోలేదు. అంటే ఈగల్ని తొందరగా చంపుతున్నది ఒంట్లో నీరు ఇంకిపోవడం. సీసాలో ఉన్న ఈగకు నీళ్లు కూడా మేతలోంచే రావాలి మరి. అలా ఎండిన ఈగల్లో, మన కిడ్నీల పని చేసే సన్నటి నాళాల్లో, యూరిక్ ఆమ్లం రాళ్లు కట్టింది. అప్పట్నుంచి ఇలాంటి ఏ ఫలితం చదివినా నీళ్లు విడిగా ఇచ్చారా అనే ముందు చూస్తాను. దీన్ని పట్టుకుని షుగర్ ఉన్నవాళ్లు నీళ్లు తాగితే చాలని మాత్రం ఎవరూ అనుకోవద్దు. నీళ్లు తాగిన ఈగలకూ జబ్బు అలాగే ఉంది.

ఇంట్లో చేయడానికి పిల్లపురుగుల ప్రయోగమే తేలిక. రెండు సీసాల్లోనూ చక్కెర ఒక్కటే తేడా ఉండాలి, రెండూ ఒకే చోట ఉండాలి, ఎందుకంటే వేడిని బట్టి కూడా ఎదుగుదల మారిపోతుంది. 25 డిగ్రీల దగ్గర మామూలు మేత మీద గుడ్డు ఈగ కావడానికి దాదాపు 10 రోజులు. రోజూ ఒకే వేళకు ప్యూపాలు లెక్కపెట్టి రాసుకోమనండి. పెద్ద ఈగలతో చేస్తానంటే చక్కెర సీసాలు రెండు పెట్టి, ఒకదాంట్లో తడి దూది ఉంచమనండి.