డాన్స్ అసలు రాని వాళ్ళు జుంబా క్లాసులో చేరొచ్చా?

ప్రశ్న అడిగినావిడకు నలభై దాటాయట. పాటకి చప్పట్లు కొట్టినా సరిగ్గా పడవని, కాళ్ళు కదిలితే చేతులు ఆగిపోతాయని రాశారు. షుగర్ బోర్డర్‌లో ఉంది, ఏదో ఒక వ్యాయామం మొదలుపెట్టండి అన్నారట డాక్టర్. వాళ్ళ కాలనీలోనే జుంబా క్లాసు, అంటే పాటలకి స్టెప్పులేస్తూ చేసే వ్యాయామం క్లాసు, పెట్టారు. చేరాలని ఉంది కానీ, నలుగురిలో నవ్వులపాలవుతానేమో అని ఆవిడ టెన్షన్.

చేరండి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. కాకపోతే ఎలాంటి క్లాసులో చేరాలి, చేరాక ముందు ఏం నేర్చుకోవాలి అన్నది కొంచెం చెప్పాలి. దానికంటే ముందు ఇంకొకటి అడుగుతాను. "నాకు లయ లేదు" అన్న మాట మీకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ మాట ఎవరికీ తనంతట తాను తోచదు. ఎప్పుడో ఎవరో అని ఉంటారు.

నాకు అన్నది మా స్కూల్లో టీచరు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆరో తరగతిలో వార్షికోత్సవానికి గ్రూప్ డాన్స్ అంటే నేనూ పేరిచ్చాను. అమ్మ తన పాత పట్టుచీర చింపి లంగా కుట్టించింది, అంచు తెగకుండా లోపల లైనింగ్ కూడా వేయించింది. రిహార్సల్స్‌లో నా అడుగు మిగతా వాళ్ళకంటే వెనక పడుతుంటే, టీచరు అందరి ముందూ "ఈ పిల్లకి తాళజ్ఞానం లేదు, ప్రార్థన పాటలో నిలబెట్టండి" అంది. ఆ లంగా కట్టుకుని ప్రార్థన పాట పాడి, దిగి వచ్చి కింద కూర్చుని డాన్స్ చూశాను. తర్వాత కాలేజీ ఫేర్‌వెల్ అయినా, ఇంట్లో పెళ్ళి అయినా, ఎవరు చెయ్యి పట్టి లాగినా "నాకు రాదండీ" అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ టీచరు మీద కోపం వస్తుంది. అక్షరాలు రాని పిల్లని పలక ముందు కూర్చోబెట్టి దిద్దిస్తాం గానీ, పుట్టుకతో చదువు లేదని ఇంటికి పంపం కదా. అడుగుకి మాత్రం దిద్దించడం ఎందుకుండదు?

లయ పుట్టుకతో రావాలి అంటారు. పుట్టుకతోనే వస్తుంది, దాదాపు అందరికీ వస్తుంది. 2009లో హంగరీ పరిశోధకులు పుట్టి రెండు మూడు రోజులైన పసిబిడ్డలకి నిద్రలో డ్రమ్స్ దరువు వినిపించారు. వరసలో ముఖ్యమైన దెబ్బ ఒకటి తప్పిస్తే, ఆ తేడాని బిడ్డ మెదడు పట్టేసింది. 2011లో కెనడాలో ఇంకో బృందం ఒక యువకుడి గురించి రాసింది. పాట ఎంత వినిపించినా ఆ దరువుతో కలిసి కదలలేకపోయాడు. వాళ్ళు పరీక్షించిన మిగతా మామూలు మనుషులందరూ బాగానే కదిలారు. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ యువకుడు కూడా టిక్ టిక్ అని ఒకే వేగంతో కొట్టే మెట్రోనోమ్ అనే యంత్రం పెడితే దాదాపు అందరిలాగే కలిపాడు. అంటే గందరగోళమంతా పాటలో దరువు ఎక్కడుందో వెతుక్కోవడంలోనే ఉంది. దరువుని విడిగా తీసి చేతికిస్తే అతని కాలూ కదిలింది. మీకు లయ లేకపోవడం కాదు, దాన్ని విడదీసి చూపించిన మనిషి మీకింకా దొరకలేదు. ఈ మాట మిమ్మల్ని చూడకుండానే ధైర్యంగా చెప్పగలను.

నేను మొదట చేరింది హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర ఒక పెద్ద జిమ్‌లో. గోడ మొత్తం అద్దం, రంగురంగుల లైట్లు. ట్రైనర్ మాకు వీపు పెట్టి అద్దంలోకి చూస్తూ చేస్తుంది. జుంబాలో పద్ధతే అంత, నోటితో పెద్దగా చెప్పరు, చేత్తో సైగ చేస్తారు. పక్కకి చూపిస్తే పక్కకి, నాలుగు వేళ్ళు చూపిస్తే నాలుగుసార్లు. అలవాటైన వాళ్ళకి అది హాయిగా ఉంటుంది. కొత్తవాళ్ళకి మాత్రం నరకం. ఆమె కాలు వేయడం చూసి, అది కుడో ఎడమో తేల్చుకుని, మనం వేసేసరికి ఆమె తర్వాతి స్టెప్‌లో ఉంటుంది. కంటితో చూసి వేసే అడుగు ఎప్పుడూ ఆలస్యమే. మీరే కాదు, ఎవరు చూసి చేసినా ఆలస్యమే. ముందు వరసలో వాళ్ళు చకచకా చేస్తున్నారంటే, పాట కంఠతా వచ్చి చేస్తున్నారు. దాన్ని ప్రతిభ అనుకుని మనం వెనక నిలబడి బాధపడుతుంటాం.

పైగా అక్కడ రీల్స్ గోల. క్లాసు చివర్లో ఒక పాటని ఫోన్లో తీసేవారు. వీడియో బాగా రావాలని ముందు వరస వాళ్ళని మధ్యకి పిలిచి, మిగతా వాళ్ళని "కొంచెం పక్కకి మేడమ్" అనేవారు. ఫీజు అందరి దగ్గరా ఒకటే తీసుకున్నారు కదా! చెమటలు కారుతూ, చున్నీ నడుముకి కట్టుకుని, ఇంట్లో వంట సగంలో వదిలి వచ్చిన ఆడవాళ్ళని పక్కకి జరగమనడం ఏం మర్యాద? నాతో పాటు చేరిన వాళ్ళలో చాలామంది అక్కడే మానేశారు. మానేసి మళ్ళీ అదే మాట, "మనకి రాదులే."

తర్వాత మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సాయంత్రం క్లాసు పెట్టారు. ట్రైనర్ వరంగల్ వైపు అబ్బాయి, పాతికేళ్ళుంటాయేమో. ఒకరోజు, మే నెలలో, ఈదురుగాలి లేచి క్లాసు మధ్యలో కరెంటు పోయింది. మా జనరేటర్ లిఫ్టులకీ మెట్ల దగ్గర లైట్లకీ మాత్రమే పనిచేస్తుంది. స్పీకర్ ఆగింది, ఏసీ ఆగింది, అద్దంలో ఎవరి మొహం వాళ్ళకి కనబడటం లేదు. ఇంటికెళ్ళిపోదామని కొందరు నీళ్ళ బాటిళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. ఆ అబ్బాయి మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, బోర్లించి, ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అక్కా, ఎవ్వరూ స్టెప్ వెయ్యకుండ్రి. ఉన్నకాడనే నడవండి. మీ షూ చప్పుడు నా దెబ్బ మీద పడాలె, అంతే" అన్నాడు.

అరచేత్తో కుర్చీ వెనక భాగం మీద ఒకే రకం దెబ్బ, నిదానంగా. మొదట మా అడుగులు చెల్లాచెదురుగా పడ్డాయి. తర్వాత పక్కవాళ్ళ చప్పుడు వినడం మొదలుపెట్టాం. ఇంతకుముందెప్పుడూ పాట హోరులో మా షూ చప్పుడే మాకు వినబడలేదు. కాసేపటికి ఆ హాల్లో ఉన్న వాళ్ళందరి కాళ్ళ కింద నుంచి ఒక్క "ధబ్" లేచింది. మళ్ళీ ఒక్క "ధబ్". నా అరికాలి నుంచి నడుము దాకా తెలిసింది నాకది. నా పక్కన మోకాలికి బెల్టు కట్టుకుని వచ్చే పెద్దావిడ, అరవై దాటినావిడ, "ఆఁ, గిదా!" అంది. ఆ అబ్బాయి ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. గట్టి దెబ్బకి కాలు పక్కకి, మెల్లని దెబ్బకి రెండో కాలు దగ్గరికి. చివర్లో వేళ్ళు కూడా వాడుతూ తీన్‌మార్ ఎత్తుకున్నాడు. పెద్దావిడ చేతులు ఎవరూ చెప్పకుండానే పైకి లేచాయి. నా చేతులు కూడా లేచాయి. కరెంటు వచ్చినా అతను వెంటనే పాట పెట్టలేదు. దరువు అలాగే కొడుతూ, దాని మీదే పాట వినిపించాడు. పాట లోపల ఆ దెబ్బ ఎక్కడుందో నాకు మొదటిసారి వినబడింది.

ఇది నేర్పడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ చాలింది. ఆరో తరగతిలో మా టీచరు ముందు చెక్కబల్ల ఉండేది.

ఆ ఏడాది బతుకమ్మకి నేను వలయంలోకి దిగాను. మా వైపు బతుకమ్మ లేదు, కాబట్టి ఇక్కడికి వచ్చాక ఏటా బాల్కనీలోంచే చూసేదాన్ని. వంగి చప్పట్లు కొట్టి, ఒక అడుగు వేసి, మళ్ళీ లేచి చప్పట్లు. తెలియనివాళ్ళు కూడా వలయంలో కలిస్తే ఒక చుట్టులో వచ్చేస్తుంది. ఎందుకంటే అక్కడ దరువు స్పీకర్లో ఉండదు, పక్కావిడ అరచేతుల్లో ఉంటుంది. ముందు వరస లేదు, వెనక వరస లేదు, అద్దం లేదు. తొమ్మిది రోజుల పండగలో ముసలమ్మల నుంచి పిల్లల దాకా అందరూ ఆడతారు కానీ "నీకు తాళం లేదు, పక్కన కూర్చో" అని ఎవరూ అనరు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఇక్కడా డీజే పెట్టి పాటల వేగం పెంచేస్తున్నారు. దాంతో పెద్దవాళ్ళు అలిసిపోయి కుర్చీల్లో కూర్చుండిపోతున్నారు. ఆ డీజేని తీసేయమని మా అసోసియేషన్‌లో ఏటా అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

సరే, మీ విషయానికి వస్తాను. చేరిన కొత్తలో చేతుల జోలికి వెళ్ళకండి. నడుము మీద పెట్టుకోండి, లేదా వదిలేయండి. కాళ్ళు ఒక్కటే. కాళ్ళు కుదిరాక చేతులు వాటంతట అవే వస్తాయి, మీరు తొందరపెట్టక్కర్లేదు. స్టెప్ అందకపోతే ఆగిపోయి చూస్తూ నిలబడకుండా, ఉన్నచోటే దరువుకి నడవండి. మెరెంగే అని జుంబాలో వచ్చే స్టెప్ మూలం అదే, దరువుకొక అడుగు. జుంబా పుట్టుక కథ కూడా మీకు ధైర్యమిస్తుంది. కొలంబియాలో బెటో పెరెజ్ అనే ఏరోబిక్స్ టీచరు 1990ల్లో ఒకరోజు క్లాసు పాటల క్యాసెట్ మరిచిపోయి వచ్చి, బ్యాగులో ఉన్న సల్సా, మెరెంగే అనే లాటిన్ డాన్స్ పాటలతోనే ఆ గంట నడిపించాడు. అప్పటికప్పుడు అల్లిన ఆ స్టెప్పుల వరస ఎదురుగా నిలబడ్డ వాళ్ళలో ఒక్కరికీ ముందే వచ్చి ఉండదు. 2001లో అది కంపెనీ అయింది, ఇవాళ మన కాలనీ దాకా వచ్చింది.

రెండోది, పాటని పల్లవి, చరణం కింద విడదీసి వినండి. పల్లవి వచ్చినప్పుడల్లా సాధారణంగా అదే స్టెప్ తిరిగి వస్తుంది. చరణంలో తప్పినా ఫరవాలేదు, పల్లవి స్టెప్ ఒక్కటి పట్టుకుంటే సగం పాట మీదే. ట్రైనర్లు "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని అరుస్తారు చూడండి, అది ఎనిమిది లెక్కలో చివరి నాలుగు. సంగీతం నేర్చుకున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఆది తాళం వేయమనండి. చెయ్యి ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. అదీ ఎనిమిదే. బస్సులో కూర్చుని ఒళ్ళో చేతులతో వేసుకోవచ్చు. నేను వంట చేస్తూ వేస్తాను.

ఇక ఎవరూ బయటకి చెప్పని విషయం ఒకటి. కాన్పులైన ఆడవాళ్ళలో కొంతమంది జుంబా మానేయడానికి లయ కారణం కాదు. ఎగిరినప్పుడు మూత్రం చుక్కలు పడతాయి, సిగ్గుతో ఎవరికీ చెప్పరు, "నాకు డాన్స్ రాదు" అని మానేస్తారు. మా క్లాసులోనే నలుగురైదుగురు ఈ సంగతి నాతో గుసగుసగా చెప్పారు. గెంతే ప్రతి స్టెప్పునీ నడకగా మార్చుకోవచ్చు, ట్రైనర్‌కి కారణం చెప్పక్కర్లేదు. కటి కండరాలకి వ్యాయామాలున్నాయి, గైనకాలజిస్టునో ఫిజియోథెరపిస్టునో అడగండి. దీనికి సిగ్గుపడి షుగర్ పెంచుకోకండి.

నేల కూడా చూసుకోండి. మన క్లబ్‌హౌస్‌లన్నీ టైల్సే, దాని మీద ఒట్టి కాళ్ళతో గెంతితే మడమలు పోతాయి. అలాగని బాగా గ్రిప్ ఉన్న రన్నింగ్ షూ వేసుకుంటే, తిరిగే స్టెప్పులో పాదం నేలని పట్టేసి మోకాలు మెలిపడుతుంది. అడుగు కాస్త నున్నగా, లోపల మెత్తగా ఉండే షూ కావాలి. సౌండ్ మరీ ఎక్కువైతే తగ్గించమని అడగండి. నోరు తెరిచి అడగండి, మీ డబ్బులే అవి. డాక్టర్లు చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. క్లాసులో మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఒళ్ళు అంత కష్టపడితే చాలు. స్టెప్ సరిగ్గా పడిందా లేదా అన్నది మీ షుగర్‌కి అక్కర్లేదు.

ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు, కట్టకండి. ముందు ఒక డెమో క్లాసు అడగండి, చాలాచోట్ల ఇస్తారు. వెనక వరసలో నిలబడి రెండు విషయాలు చూడండి. ట్రైనర్ మీ వైపు తిరిగి చేస్తున్నారా, కొత్త పాట మొదలయ్యే ముందు దాని అడుగుని ఒకసారి నిదానంగా, పాట లేకుండా చూపించారా? రెండూ ఉంటే నెల ఫీజు కట్టి చేరిపోండి. లేకపోతే ఆ ట్రైనర్‌నే అడిగి చూడండి, "బాబూ, ఒకసారి పాట ఆపి చూపిస్తావా?" అని. మంచి ట్రైనర్ అయితే ఆపుతారు. ఆపకపోతే ఆ పక్క వీధిలో ఇంకో క్లాసు ఉంటుంది.